గోడెక్కిన సామెత

ఆ ఆదివారం పొద్దున అంబత్తూరు ఆకాశం అడుగు మాడిన అల్యూమినియం గిన్నె రంగులో ఉంది. మబ్బులు తూర్పు నుంచి వరసగా వచ్చి, ఫ్యాక్టరీ రేకుల మీద కాసేపు నిలిచి, అడ్రసు కనుక్కున్నట్టు అటూ ఇటూ చూసి, చెరువు వైపు పోతున్నాయి. కాకులు తిండి వెతకడం మానేసి వాటర్ ట్యాంకు కింద చేరాయి. నేను మెట్ల మీద కూర్చుని ఇదంతా చూస్తున్నాను. మా అపార్ట్‌మెంటు సెక్రటరీ శ్యామ్ ఫోన్ చూసుకుంటూ దిగి వచ్చాడు.

"పార్ట్‌లీ క్లౌడీ అంకుల్. వాన లేదు," అన్నాడు.

నేను తల ఊపాను. ఫోన్‌తో వాదించే వయసు దాటిపోయింది.

అయ్యలారా, అమ్మలారా! నేను తక్కువగా మాట్లాడే మనిషిని. అయినా ఇవాళ ఒక మాట గట్టిగా చెప్పదలచుకున్నాను. మన పెద్దల జ్ఞానానికి తగిన చోటు గోడ. చెరువు కాదు, కాలువ కాదు, పొలం గట్టు కాదు. గోడ! మంచి పెయింటు వేసి, కింద స్పాన్సర్ పేరు రాసిన గోడ.

నేల మీద ఉన్న జ్ఞానంతో ఎన్ని చిక్కులండీ! చెరువు ఉంటే దోమలు. కాలువ ఉంటే చెత్త. పల్లం ఉంటే కారు పెట్టుకోవడానికి లేదు. అదే చెరువు బొమ్మ గోడ మీద ఉందనుకోండి, దోమ రాదు, ఎవరూ చెత్త వెయ్యరు, దాని ముందే కారు పెట్టుకోవచ్చు. బొమ్మ చెరువులో కొంగ ఏడాది పొడుగునా ఒంటికాలి మీద నిలబడే ఉంటుంది. నిజం కొంగ ఉంటుందా? దానికి చేప కావాలి. చేపకు నీళ్ళు కావాలి. నీళ్ళకు చోటు కావాలి. ఈ కోరికలకు అంతెక్కడ?

ఇలా చెప్పడానికి నాకేం అర్హత ఉందంటారా? ఉంది. నేను 'సంప్రదాయ జ్ఞాన ప్రతినిధి'ని. శాలువ కూడా ఉంది.

నా పేరు పరంధామయ్య. తమిళ సీమలోనే, పళ్ళిపట్టు పక్క ఒక తెలుగు పల్లెలో పుట్టి, అక్కడి తెలుగు బడిలో ఎనిమిది దాకా చదివి, ఈ ఊరొచ్చి ఒక ఫ్యాక్టరీలో లేతు మిషన్ ముందు నిలబడి రిటైరయ్యాను. మిషన్ మోతలో మాట వినపడదు. అందుకే మాట్లాడే అలవాటు పోయింది. మాట్లాడని ముసలివాణ్ణి చూస్తే చదువుకున్నవాళ్ళకు వాడి లోపల ఏదో ఉందని అనుమానం. నా లోపల ఉన్నది చాలా వరకు గ్యాస్ట్రిక్.

మా అపార్ట్‌మెంటు పేరు లేక్ వ్యూ. ఏ అంతస్తు నుంచి చూసినా చెరువు కనపడదు. వానాకాలంలో చెరువే ఒకసారి వచ్చి మమ్మల్ని చూసి పోతుంది. ఒకప్పుడు ఇది ఆ చెరువు కింద మడి. ఇప్పుడు మా ఇల్లు, మా పక్కన పొన్నమ్మ ఇల్లు కింది అంతస్తులో ఉన్నాయి. మిగిలినవాళ్ళంతా పైన.

కిందటి ఏడాది మా శ్యామ్ ఒక పోటీ గురించి తెలుసుకొచ్చాడు. వాతావరణ మార్పును తట్టుకునే అపార్ట్‌మెంటుకు షీల్డు ఇస్తారట. ఒక నిబంధన ఉంది: స్థానిక జ్ఞానం ఉన్న పెద్దమనిషి ఒకరు కమిటీలో ఉండాలి. మూడో అంతస్తులో ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరు ఉన్నాడు గాని, ఆయనకు పంచె కట్టడం రాదు. నాకు వచ్చు. అలా నేను ఎన్నికయ్యాను.

నన్ను సిటీలో ఒక పెద్ద హోటలుకు, వర్క్‌షాప్‌కు తీసుకుపోయారు. హాల్లో ఏసీ ఎంత చల్లగా ఉందంటే, శాలువ కప్పినప్పుడు అది సన్మానమో వైద్యమో తేల్చుకోలేకపోయాను. తాటాకు పైకప్పు కింద ఎంత చల్లగా ఉంటుందో ఒకాయన అరగంట స్లైడ్లు చూపించాడు. ఆయన కోటు విప్పలేదు.

ఇంకొకావిడ కప్పల యాప్ తెచ్చింది. కప్పలు అరిస్తే వాన వస్తుందని మన పెద్దలు చెప్పారు గదా? మడుగులు పూడ్చాక కప్పలు దొరకలేదు. అందుకని ఎక్కడో రికార్డు చేసిన కప్పను ఫోన్‌లో పెట్టారు. వాన వచ్చే ముందు ఫోన్ బెకబెకమంటుంది. ఎంత సౌకర్యం! కప్పకు మడుగు కావాలి. ఫోన్‌కు ఛార్జింగ్ చాలు.

తర్వాత నన్నూ ఏదైనా చెప్పమన్నారు. పొద్దున మా ఇంట్లో చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కడం చూశాను. వాన వస్తుందన్నాను. చప్పట్లు కొట్టారు. వాన రాలేదు. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు వంటింట్లో మందు కొట్టారని, చీమలు ప్రాణభయంతో ఇల్లు మారుతున్నాయని సాయంత్రం మా ఆవిడ చెంగమ్మ చెప్పింది. అయినా నన్ను ఎవరూ నిలదియ్యలేదు. వాతావరణ శాఖ తప్పు చెబితే తిడతారు. పెద్దమనిషి తప్పు చెబితే ఫోటో తీసుకుంటారు. ఇలాంటి ఉద్యోగం ఇంకెక్కడైనా ఉందా?

ఇంత గౌరవం పొందిన నా జ్ఞానానికి ఒకే ఒక అడ్డు ఉండేది. అదొక కంత.

మా కాంపౌండు గోడకు వెనక మూల, నేలకు ఆనుకుని, గంప పట్టేంత కంత. గోడ కట్టిన మేస్త్రీ విడిచిపెట్టాడు. మా పల్లెలో మడి గట్టుకు నీళ్ళు పోయేందుకు విడిచే సందును మడవ అంటాం. ఇదీ అదే. వాన పడితే రోడ్డు మీది నీళ్ళు గేటులోంచి వచ్చి, మా రెండు ఇళ్ళ వాకిళ్ళ ముందు నుంచి బంధువుల్లా నడిచి, ఆ మడవలోంచి వెనక కాలువలోకి పోయేవి. ఏటా ఆడి నెల పద్దెనిమిదిన, కొత్త నీళ్ళ పండగకు, చెంగమ్మా పొన్నమ్మా దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, దీపం వెలిగించేవాళ్ళు. చిత్రాన్నాలు కలుపుకుని అక్కడే కూర్చుని తినేవాళ్ళం. ఇందులో రహస్యమేమీ లేదు. ఆ మడవ ఎందుకుందో మా బిల్డింగులో పిల్లికి కూడా తెలుసు. అది ఆ దారినే వచ్చేది.

పిల్లి వచ్చిన దారిన పందికొక్కులూ వచ్చాయి. పైగా షీల్డు ఇచ్చే జడ్జీలు రాబోతున్నారు. మేడ మీద మీటింగ్ పెట్టారు.

శ్యామ్ విజయవాడ నుంచి వచ్చిన కుర్రాడు. మంచివాడు, మర్యాదస్తుడు. "ఆ హోల్ ఫోటోల్లో బాగోదండీ. మూసేసి, ఆ గోడ మీద ట్రెడిషనల్ వాటర్ సిస్టమ్ పెయింటింగ్ వేయిద్దాం," అన్నాడు.

"ఫోటోలో నువ్వు మాత్రం బాగుండావా శ్యామూ?" అంది పొన్నమ్మ. "నిన్ను మూసేస్తామా?"

అందరూ నవ్వారు. పొన్నమ్మ నవ్వలేదు. నవ్వకపోవడానికి కారణం ఆమె ఇంట్లో ఉంది. ఆమె ఇడ్లీ పిండి, దోసెల పిండి రుబ్బి అమ్ముతుంది. దానికొక పెద్ద గ్రైండర్. ఇంటికి తలుపులు పెట్టకముందే లోపల పెట్టించింది. దాన్ని బయటికి తియ్యాలంటే తలుపు చట్రం ఊడదియ్యాలి. మోటారు నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. అది తిరిగితేనే ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

"మీరంతా పైన ఉండారు," అంది ఆమె. "నేను ఈడ ఉండాను. నా మిషన్ ఆడ ఉండాది. నీళ్ళొస్తే దాన్ని చంకనేసుకుని యాడికి పోయేది?"

రెండో అంతస్తు జెబ ఇంజనీరు. ఆమె కూడా పొన్నమ్మ పక్షమే. "కంత మూస్తే నీళ్ళు ఎటు పోతాయి? దానికి డ్రాయింగ్ చూపించండి," అంది.

"డ్రాయింగ్ గోడ మీదే వేస్తున్నాం మేడమ్," అన్నాడు శ్యామ్.

ఆఖరికి సంప్రదాయ జ్ఞాన ప్రతినిధి గారు చెప్పాలన్నారు. నేను లేచాను. "మడవ మూయొద్దు. నీరు పల్లమెరుగు," అని కూర్చున్నాను.

ఎంత చప్పట్లు! మా ముత్తాతకు ముందు నుంచి ప్రతి నోటా నలిగిన సామెత అది. శ్యామ్ కళ్ళు చెమర్చాయి. ఫోన్‌లో రాసుకున్నాడు.

వారం తిరిగేసరికి గోడ తయారైంది. మూల మడవ లేదు. ఇటుకలు పెట్టి, పైదాకా కొత్తగా ప్లాస్టరింగ్ చేసి, దాని మీద బొమ్మ వేశారు. చెరువు, కట్ట, కొంగ. సరిగ్గా మడవ ఉన్న చోట తూము బొమ్మ. అందులోంచి నీలం రంగు నీళ్ళు దూకుతున్నాయి. పైన పెద్ద అక్షరాలతో, 'నీరు పల్లమెరుగు'. కింద నా పేరు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు, మూడు భాషల్లోనూ ఉంది. ఇంగ్లీషులో 'వాటర్ ఈజ్ ఇంటెలిజెంట్' అని వచ్చింది.

చెంగమ్మ పైట నడుముకు దోపుకుని చాలాసేపు చూసింది. "మా ఆయన రెండు మాటలన్నాడు గదా. మొదటిది యాడబోయింది?"

"స్పేస్ సరిపోలేదు ఆంటీ," అన్నాడు శ్యామ్. "పైగా కొంచెం నెగెటివ్‌గా ఉంది."

ఆ షీల్డు మాకే వచ్చింది. అసోసియేషన్ గదిలో ఉంది, చూడవచ్చు.

కాని కళాఖండానికి కష్టాలు తప్పుతాయా? మా సంపులో నీళ్ళు పోయడానికి ట్యాంకర్ లారీలు లోపలికి వస్తాయి. పైపు పెట్టి డ్రైవర్లు ఊరికే నిలబడాలి. గోడ మీద దూకే నీళ్ళ బొమ్మ చూస్తే వాళ్ళకూ ఏదో తోచేది. ఆ మూలకు పోయి, అటు తిరిగి నిలబడేవాళ్ళు.

దీనికి మన ఊళ్ళో మందు ఉంది. ఇదీ సంప్రదాయ జ్ఞానమే. శ్యామ్ చూలై బజారుకు వెళ్ళి దేవుడి టైల్స్ తెచ్చాడు. అవి సెట్టుగానే దొరుకుతాయి: ఒక వినాయకుడు, ఒక వేళాంగణ్ణి మాత, ఒక దర్గా. మూడింటినీ ఆ తూము బొమ్మ మీద, మోకాలి ఎత్తున అతికించాడు. మరునాటి నుంచి డ్రైవర్లు ఆ మూలకు వచ్చి చెప్పులు విడిచి దండం పెట్టుకుని పోతున్నారు.

ఆ ఏడు ఆడి పద్దెనిమిదిన చెంగమ్మా పొన్నమ్మా పసుపు గిన్నెతో ఆ గోడ ముందు నిలబడ్డారు. పెయింటుకు పసుపు అంటితే పోదని శ్యామ్ బతిమాలాడు. దూరం నుంచే దీపం చూపించి వచ్చేశారు.

ఇప్పుడు ఆ పార్ట్‌లీ క్లౌడీ ఆదివారానికి వద్దాం.

మధ్యాహ్నం భోజనాల వేళకు వాన దిగింది. చినుకులతో మొదలుపెట్టే మర్యాద కూడా పాటించలేదు. కొంచెం సేపటికే రోడ్డు నీళ్ళు గేటులోంచి వచ్చాయి. పాత అలవాటు ప్రకారం మా వాకిళ్ళ ముందు నుంచి నడిచాయి. వెనక మూలకు పోయాయి. అక్కడ గోడ ఉంది. గోడ మీద నా సామెత ఉంది.

నీళ్ళకు చదువు రాకపోవడం మన దేశానికి పట్టిన పెద్ద దురదృష్టం! చదువు వచ్చి ఉంటే సామెత చదివి, మెచ్చుకుని, వెనక్కి తిరిగి పోయేవి. ఇవి అక్కడే నిలబడ్డాయి. వెనక వచ్చినవి వాటి మీదికి ఎక్కాయి.

సాయంత్రానికి మా గడప తడిసింది. బిల్డింగ్ అంతా మెట్ల మీదికి చేరింది. మొదటి అంతస్తులో ఉండే ఎలక్ట్రీషియన్ ఖాదర్ భాయ్ మెయిన్ ఆపేశాడు. పొన్నమ్మ ఇంట్లోంచి పిండి డబ్బాలు చేతులు మార్చుకుంటూ పైకి చేర్చాం. గ్రైండర్ ఒక్కటే లోపల ఉండిపోయింది, పెళ్ళికి పిలవని బంధువులాగా మూల నిలబడి.

"ఆ గోడ పగలగొట్టేస్తే పోతుంది," అంది జెబ. గడ్డపార కూడా తెచ్చారు. నా చేతికిచ్చారు. ప్రతినిధిని గదా.

అప్పుడు అందరి కళ్ళూ ఆ మూడు టైల్స్ మీద పడ్డాయి.

"దేవుడి మీద గడ్డపార ఎలా వేస్తామండీ?" అన్నాడు శ్యామ్.

"మీది మీరు తియ్యండి, మాది నేను తీస్తా," అన్నాడు ఖాదర్ భాయ్.

"మాతను నేను తీస్తాను," అంది జెబ. "ముందు ఎవరైనా మొదలుపెట్టండి."

శ్యామ్ వాళ్ళమ్మకు ఫోన్ చేశాడు. పెట్టేసి, "ఆదివారం సాయంత్రం రాహుకాలమట. అది దాటేదాకా కదిలించకూడదంటోంది," అన్నాడు.

రాహుకాలం ఏ మతానిదో ఆ పూట ఎవరూ అడగలేదు. ముగ్గురూ ఒప్పుకున్నారు. మత సామరస్యం గురించి మీరు ఎన్నో ఉపన్యాసాలు విని ఉంటారు. నేను కళ్ళారా చూశాను. పిక్కల లోతు నీళ్ళ ముందు, మూడు మతాలవాళ్ళు ఒకే గడియారం చూస్తూ, ఒకే మెట్టు మీద నిలబడ్డారు.

నీళ్ళు మాత్రం రాహుకాలం పాటించలేదు. పొన్నమ్మ తలుపు తీసే ఉంది. గ్రైండర్ కాళ్ళు మునిగాయి. తర్వాత మోటారు మీది ఎర్ర రంగు రేకు కనపడుతూ ఉంది. తర్వాత కనపడలేదు.

పొన్నమ్మ చూసింది. పైన పెట్టిన సామాన్లలోంచి దోసెలు తిప్పే అట్లకాడ తీసుకుని, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, నీళ్ళలోకి దిగింది.

"ఆంటీ, ఇంకా టైముంది," అన్నాడు శ్యామ్.

ఆమె వినిపించుకోలేదు. గోడ దగ్గరికి పోయి, వినాయకుడి ముందు వంగి, చంటిబిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఏం సామీ, నీ కాళ్ళు కూడా తడస్తా ఉండాయి గదా. నీకు మాత్రం జలుబు చెయ్యదా? రా, పైకి పోదాం."

అట్లకాడ టైల్ అంచు కింద పెట్టి నెట్టింది. నానిన జిగురు వదిలింది. టైల్‌ను పైటలో పెట్టుకుని, మెట్ల వైపు తిరిగి, "జెబా, మీయమ్మ కూడా తడస్తా ఉండాది. భాయ్, నువ్వేంది, అట్లనే చూస్తా నిలబడుకున్నావు?" అంది.

ఇద్దరూ దిగారు. మూడు టైల్సూ వచ్చేశాయి. రాహుకాలం ఇంకా ఉంది. ఆకాశం ఊడిపడలేదు. అది అప్పటికే పడి ఉంది.

నేను గడ్డపారతో నిలబడే ఉన్నాను.

"ఏమయ్యా ప్రతినిధీ," అంది చెంగమ్మ వెనక నుంచి. "దాన్ని పట్టుకుంది ఫోటోకా?"

దిగాను. తూము బొమ్మ ఎక్కడుందో నీళ్ళ కింద కూడా తెలుసు. నాలుగు దెబ్బలకు ఇటుక కదిలింది. మడవ ఒక్కటే తెరుచుకుంటుందనుకున్నాను. కొత్త ప్లాస్టరింగ్ గదా, పెచ్చు పైదాకా ఊడి వచ్చింది. ముందు కొంగ పడింది. తర్వాత నా పేరు. తర్వాత సామెతలో సగం. నీళ్ళు ఒక్క గుక్క మింగినట్టు శబ్దం చేసి, కాలువ వైపు దూకాయి. బొమ్మలో ఉన్నంత నీలంగా లేవు.

నేను మొదట చెప్పిన మాట మీదే ఉన్నాను సుమండీ. పెద్దల జ్ఞానం గోడ మీద రాయండి. బొమ్మలు వెయ్యండి, శాలువలు కప్పండి, షీల్డులు ఇచ్చుకోండి. మాకేం అభ్యంతరం లేదు. ఆ గోడకు అడుగున గంప పట్టేంత కంత ఒకటి విడవండి, చాలు. మేం చెప్పింది అంతే. మిగతాదంతా మీరు చేర్చిందే. నా మాటల్లో ఈ ఊరికి పనికొచ్చింది ఆ పూట రాలిపోయిన సగం ఒక్కటే.

కరెంటు రాలేదు. మా వంటింట్లో పొయ్యి మునిగింది. పొన్నమ్మ పిండి డబ్బాలు శ్యామ్ వంటింట్లో దింపింది. మిషన్ రుబ్బిన ఆఖరి పిండి. దాన్ని దాచి ఏం లాభమని ఇడ్లీలు వేసింది. చెంగమ్మ ఎండుమిరపకాయల పొడి కలిపింది. అందరం మెట్ల మీద, ఒకరి వెనక ఒకరం కూర్చున్నాం. పై మెట్టు మీద మూడు టైల్సూ గోడకు ఆనించి ఆరబెట్టి ఉన్నాయి.

శ్యామ్ పళ్ళెం చేతిలో పెట్టుకుని పొన్నమ్మ వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. ఆమె వాడి పళ్ళెంలో ఇంకొక ఇడ్లీ వేసింది. వాడు తల వంచుకుని తిన్నాడు.

కింద చీకట్లో, మడవలోంచి నీళ్ళు పోతున్న చప్పుడు వింటూ తిన్నాం.